గూటికి వినబడే మూల

మధ్యాహ్నపు నమాజు అయిపోయింది, సాయంత్రపు అసర్ అజాన్‌కు ఇంకా పొద్దుంది, ఈ నడిమి పొద్దులో అరబ్బు దేశపు ఈ హుఫూఫ్ ఊరంతా షట్టర్లు దించుకుని కునుకు తీస్తుంది, పాప కూడా నిద్రపోయింది, నా తొడ మీద తల పెట్టుకుని, నోరు కొంచెం తెరుచుకుని. కొత్త గౌను నలిగిపోతుందని చెప్పినా వినకుండా పొద్దున్నే వేయించుకుంది. విమానం విమానం అని గెంతి గెంతి అలిసిపోయింది. నేను గూట్లో వీపు ఆనించి కూర్చున్నాను. పెట్టెకు తాళం వేశాను. అట్టపెట్టెకు తాడు కట్టి ఉంది. అసర్ లోపల ఆయన ట్యాక్సీ మాట్లాడుకుని వస్తాడు, మమ్మల్ని దమ్మామ్‌లో విమానం ఎక్కిస్తాడు, ఆరు నెలల్లో మళ్ళీ పిలిపించుకుంటానని చెప్తాడు. అది అబద్ధమని నాకు తెలుసు. నాకు తెలుసని ఆయనకు తెలీదు. పెట్టె ఎత్తే లోపల ఆ మాట ఆయనకు చెప్పాలా, చెప్పకుండా వెళ్ళిపోవాలా, ఇదే నేను తేల్చుకోవలసింది. తేల్చుకుందామనే కదలకుండా కూర్చున్నాను, కానీ మనసు ఒకచోట కూర్చునే వస్తువు కాదు, అది పైకప్పు మీదికి పోతుంది, కమాను వెంట పాకుతుంది, బోర్డు గోడ అడ్డం రాగానే ఆగుతుంది.

మా ఊళ్ళో గూడంటే గోడలో దీపం పెట్టుకునేది. ఇది మనిషి నిలబడేంత గూడు. ఇక్కడ ఇమాము నిలబడి నమాజు చదివించేవాడట. ఎన్ని వందల ఏళ్ళ కిందట కట్టారో ఎవరూ సరిగా చెప్పలేరు, మట్టి ఇటుక, పైన సున్నం, గూడు చుట్టూ తీగలు పువ్వులు చెక్కిన పాత గచ్చు. ఒకప్పుడు ఇది మదరసా, దూరం నుంచి చదువుకోవడానికి వచ్చే పిల్లలు చుట్టూ గదుల్లో ఉండి ఈ హాల్లో నమాజు చేసేవారట. మదరసా మూతపడింది, వీధి చివర కొత్త మసీదు వచ్చింది, గదులు కూలిపోయాయి, హాలు మిగిలింది. దాన్ని ఎవరో తీసుకుని జిప్సం బోర్డులు నిలబెట్టి సంసారాలకు అద్దెకు ఇచ్చాడు. కొత్తగా వచ్చినరోజు నేను తల పైకెత్తి చూస్తూ నిలబడిపోయాను. ఒక కమాను మా ఇంట్లో లేచి జైనాబక్క పొయ్యి మీద దిగుతుంది. ఒక స్తంభం సగం మాది, సగం జాహెదా వాళ్ళది. ఆమె తన సగానికి గులాబీరంగు వేసింది, నా సగం అట్లాగే ఉంది. బోర్డులు పైకప్పు దాకా పోవు, కమాన్ల కింద ఆగిపోతాయి, అందుకని కింద మూడు ఇళ్ళు, పైన ఒక్కటే ఇల్లు. ఒకరి తాలింపు ముగ్గురికీ తుమ్ము తెప్పించేది. గూడు మా భాగానికి వచ్చింది. అందులో ఫ్రిజ్ సరిగ్గా పడుతుంది పెట్టుకోమని జాహెదా అంది. నాకు చేతులు రాలేదు. చీపురు కూడా అటు తిప్పి పెట్టను, కాళ్ళు అటు చాపి పడుకోము. బోర్డులు బిగించింది జగిత్యాల దిక్కు నుంచి వచ్చిన రాజేశం మేస్త్రి, ఇప్పటికీ బయట వసారాలో ఉంటాడు, పైపులు పగిలినా కరెంటు పోయినా ఆయనే. ఆ గూడు దగ్గర ఒక్క మేకైనా లేదేమని ఒకసారి అడిగాను. "దేవుని జాగ గదా బిడ్డా, ఏ దేవుడైతేంది, మొల గొట్టబుద్ధి గాలె" అన్నాడు. గూటి వైపు పని చేసినన్నాళ్ళూ చెప్పులు బయట విడిచి వచ్చాడట.

పాప కదిలింది. మళ్ళీ సర్దుకుంది. చెమట పట్టింది మెడ మీద, ఇది చలికాలమే అయినా.

గూడు సంగతి నాకు తెలిసింది జాహెదా వల్ల. వచ్చిన కొత్తలో ఒకరోజు ఇక్కడ కూర్చుని బియ్యం ఏరుతున్నాను. చెవి పక్కనే ఎవరో మాట్లాడారు. ఉలిక్కిపడి చూస్తే ఎవరూ లేరు. జాహెదా గొంతు. వాళ్ళ ఇల్లు హాలుకు ఆ చివరిదాకా, దాని బయట వీధి తలుపు పక్కన అందరూ నడిచే మూల. ఆ మూలలో నిలబడి ఫోనులో హైదరాబాదులో ఉన్న చెల్లెలితో చెప్తోంది. "పక్కన ఒక దూదేకుల పిల్ల దిగింది. పేరు మదార్బీ అంట, మా నానమ్మ కాలం పేరు. ఉర్దూ రాదు, అరబ్బీ రాదు. అల్లాకు తెలుగులనే అర్జీ వెట్టుకుంటది!" అని పడీ పడీ నవ్వుతోంది. నాకు ముందు ఏడుపొచ్చింది. మా ఊళ్ళో కూడా ఇదే మాట, తురకం రాని తురకలని. దర్గా దగ్గర ఫాతెహా చదివించుకోవడానికి కూడా మేము ఇంకొకరి నోటికోసం కాచుకునేవాళ్ళం. ఏడుపు తర్వాత ఎందుకో చిలిపితనం వచ్చింది. గూటివైపు తిరిగి, గోడకు చెప్పుకున్నట్టు, మెల్లగా అన్నాను, "అల్లాకు తెలుగొస్తుందిలే అక్కా." ఆ మూలలో కెవ్వున కేక, ఫోను కింద పడిన చప్పుడు. కాసేపటికి పరుగెత్తుకుంటూ వచ్చి నా చేయి పట్టుకుని, ముఖమంతా చూసి, మనిషినేనని నమ్మకం కుదిరాక నేలమీద కూలబడి నవ్వింది. నేనూ నవ్వాను. ఆ రోజు నుంచి మేము స్నేహితులం. తర్వాత ముగ్గురం కలిసి పరీక్ష పెట్టుకున్నాం. హాల్లో ఇంకెక్కడ మాట్లాడినా మామూలుగానే వినిపిస్తుంది. ఆ ఒక్క మూలలో గొణిగింది మాత్రం కమానుల వంపు పట్టుకుని వచ్చి గూట్లో పడుతుంది, గూట్లో గొణిగింది పోయి ఆ మూలలో పడుతుంది. మధ్యలో నిలబడినవాళ్ళకు ఏమీ ఉండదు. కట్టినవాళ్ళు ఎందుకట్లా కట్టారో, వెనక మూల కూర్చున్న పిల్లవాడికి కూడా ఇమాము మాట అందాలని కాబోలు.

మగవాళ్ళకు చెప్పకూడదని ఒట్టు వేయించింది జైనాబక్క. ఆమె మాలో పెద్దది, మా జిల్లా మనిషే. "చెప్తే రేపట్నుంచి మనమే దొరుకుతాం మే, వాళ్ళు కాదు" అంది. మందపు మట్టి గోడలు కదా, ఫోనులో సిగ్నలు ఆ మూలలో తప్ప ఎక్కడా నిలవదు. పనినుంచి వచ్చిన మగవాళ్ళంతా ఒక్కొక్కరే ఆ మూలకే పోతారు, ఇక్కడైతే ఎవరూ వినరని గోడవైపు తిరిగి నోటికి చేయి అడ్డం పెట్టుకుని మరీ మాట్లాడతారు. జైనాబక్క, జాహెదా టీ తాగే నెపంతో మా ఇంట్లో చేరేవాళ్ళు. జాహెదా భర్త నౌమాన్ తల్లితో చెప్పేవాడు, రోజూ మాంసమే తింటున్నా అమ్మీ అని, ఆ రోజు వాళ్ళింట్లో పప్పు కూడా ఉండేది కాదు. జాహెదా చీరకొంగు నోట్లో కుక్కుకుని నవ్వేది, నవ్వి నవ్వి గప్‌చిప్‌గా లేచిపోయి ఎట్లాగో ఒక గుడ్డు సంపాదించి వేయించి పెట్టేది. నౌమాన్‌కు ఎప్పుడూ అర్థం కాలేదు, తన మనసులో కోరిక ఈమెకు ఎట్లా తెలుస్తుందో. జైనాబక్క భర్త ఊళ్ళో ఉన్న తమ్ముణ్ణి తిట్టి, ఫోను పెట్టేశాక అక్కడే నిలబడి ఏడ్చేవాడు. జైనాబక్క నవ్వకుండా వినేది. ఇంటికి పోయి ఆయన ముందు ఏమీ తెలియనట్టు కాళ్ళకు నీళ్ళు పెట్టేది. మా ఆయన మాత్రం ఫోనులో తక్కువ మాట్లాడతాడు. ఆయన పేరు నేను పలకను, పెళ్ళయిన నాటినుంచి పలకలేదు, మహబూబ్ సుభాని అని ఈ దేశంలో ఉండనిచ్చే అకామా కార్డు మీద ఉంటుంది, జాహెదా సుభాని భాయ్ అంటుంది, నేను ఏమీ అనను, గాజులు కదిలిస్తే చాలు తలతిప్పి చూస్తాడు.

కాలేషా తాత దూది ఏకేవాడు. మా తాత. ఇంటింటికీ తిరిగి పాత పరుపులు విప్పి, గట్టిపడిన దూదిని విల్లు నారితో ఏకి మళ్ళీ మేఘంలా చేసేవాడు. బడినుంచి వచ్చి నేను పలక పట్టుకుని ఆయన పక్కన కూర్చునేదాన్ని, ముక్కులో నూగు పోయేది. కళ్ళు సరిగా ఆనేవి కావు ఆయనకు, చెవితోనే చేసేవాడు. నారి మీద సుత్తి కొడితే దూది శుభ్రంగా ఉంటే ఒక మోత, ఎక్కడో గింజ మిగిలి ఉంటే ఇంకో మోత. "ఉండాదిమ్మే, ఒక గింజ ఉండాది" అనేవాడు. తెల్లటి కుప్పలో చేయి పెట్టి తీసి చూపించేవాడు. అప్పట్నుంచి నాకు మనుషుల గొంతులు వింటుంటే అదే వెతుకులాట, ఎక్కడ గింజ తగులుతుందా అని. ఇప్పుడు ఎవరూ దూది ఏకించుకోరు. ఫోము పరుపులు వచ్చాయి. తాత విల్లు మేకల దొడ్డికి అడ్డకర్ర అయింది. ఎందుకొచ్చింది ఇది, నేను ఆలోచించవలసింది ఇది కాదు.

అవును, పోవడం. ముందు జైనాబక్క పోయింది. అప్పటికే మా ఆయన వేరే కంపెనీ పనికి మారాడు. సెల్‌ఫోన్లు బాగుచేసే కొట్లో ఆయన పేరున్న పనివాడు, పగిలిన అద్దం కింద సన్నటి తీగను కూడా అతికించేవాడు, ఫోను కొట్లలో ఇకమీద ఈ దేశం వాళ్ళే కూర్చోవాలని ఉత్తర్వు వచ్చింది, ఒక వారంలో వీధి వీధంతా బల్లల వెనక మనుషులు మారిపోయారు. నితాఖత్ అంటారు. కంపెనీలకు రంగులు, పచ్చ, పసుపు, ఎరుపు. ఈ దేశం వాళ్ళు తగినంతమంది పనిలో ఉంటే పచ్చ, లేకపోతే ఎరుపు, ఎరుపులో పడ్డ కంపెనీలో ఎవరికీ అకామా పొడిగించరు. ఆ తర్వాత సంసారాల మీద పన్ను వచ్చింది, తెచ్చుకున్న భార్యకూ పిల్లలకూ తలకింత అని, ఏడాది ఏడాదికీ పెరిగేట్టు. హాల్లో లెక్కలు మొదలయ్యాయి, అవి గూట్లో వినబడినంత కాలం మేము టీ తాగడం మానేశాం. జైనాబక్క పోయేముందు నమాజు చదివిన జాగాలో ఎంగిలి గిన్నెలు కడిగితిమి కదమ్మా, అందుకే నిలవనీలేదు అంది. జాహెదా మొన్న వానలప్పుడు నౌమాన్‌తో కలిసి పోయింది. ట్యాక్సీ ఎక్కేముందు ఆ మూలకు వెళ్ళి నిలబడినట్టుంది, నేను గూట్లో గుడ్డలు మడుస్తున్నాను, చెవిలో పడింది. "మదారూ, వింటున్నవా? ఫ్రిజ్‌ల మెంతికూర పెట్టిన. ఖరాబు చెయ్యకు." ఆగింది. "పిల్లను మంచిగ చూస్కో. నీ తెలుగు దువాలో నన్ను కూడ వెయ్యి." అంతే, అడుగులు, తలుపు. నేను మెంతికూర వండలేదు, అది ఫ్రిజ్‌లో వాడి నల్లబడేదాకా అట్లాగే ఉంచాను.

పోయిన శుక్రవారం ఆ మూలలో ఆయన గొంతు విన్నాను, నౌమాన్‌తో ఫోనులో. మిగతా రెండిళ్ళూ ఖాళీ కాబట్టి హాలు ఇంకా బాగా మోగుతోంది. పాప గూట్లో కూర్చుని బొమ్మకు జడ వేయమంటే నేను వేస్తున్నాను. "చెప్పొద్దు నౌమాన్ భాయ్, జాహెదాకు కూడా చెప్పాకు, ఆడోళ్ళకు నోట్లో నువ్వుగింజ నానదు." నాకు నవ్వొచ్చింది, ఆ నవ్వు నా ముఖం మీద ఇంకా ఉండగానే తర్వాతి మాటలు వచ్చాయి. "ఖురూజ్ కొట్టిచ్చినా, ఇద్దరికీ. రీఎంట్రీ కాదు. దానికి రీఎంట్రీ అని చెప్పినా. నా అకామా ఈ నెలాఖరుకు అయిపోతాది. కంపెనీ ఎరుపులో పడె, కఫీల్ ఫోనెత్తడు. ఇప్పుడైతే నేనూ ఖురూజ్ మీద పోవచ్చు, పోయి ఏం చేయాల? నా చేతిలో ఉండే పని ఊళ్ళో ప్రతి సందులో ఉండాది. ఉంటా. ఖల్లివెల్లి అయితా. రాజేశం మేస్త్రి ఖర్జూరం తోటల్లో పని చూపిస్తానన్యాడు, తోటల్లో చెకింగు తక్కువంట." ఖురూజ్ అంటే ఇక తిరిగి రాకుండా పంపేసే ముద్ర. ఖల్లివెల్లి అంటే ఏమిటో ఇక్కడ పిల్లలకు కూడా తెలుసు, కార్డు లేకుండా, పూచీ ఉండే కఫీల్ లేకుండా, కనబడకుండా బతికేవాడు. రోగమొస్తే ఆసుపత్రికి పోలేడు. తల్లి పోయినా విమానం ఎక్కలేడు. పట్టుబడితే జైలు మీదుగా పంపిస్తారు, పట్టుబడకపోతే ఏళ్ళకు ఏళ్ళు. నౌమాన్ అవతలినుంచి ఏదో అడిగినట్టున్నాడు. ఆయన అన్నాడు, "ఏమో భాయ్. పాపకు నా ముఖం గుర్తుంటాదో లేదో." పాప బొమ్మ తల నా చేతిలో ఉంది. అమ్మా, గోడలో నాయన మాట్లాడతాండాడు అంది. లేదమ్మా, గాలి, అన్నాను.

ఆ రాత్రీ తర్వాతి పగళ్ళూ ఆయన మామూలుగానే ఉన్నాడు. నేనూ మామూలుగానే. జైనాబక్కలాగా. ఇది మేము ముగ్గురం ఇక్కడ నేర్చుకున్న విద్య, విన్నది ముఖం మీదికి రానివ్వకపోవడం. ఇన్నాళ్ళూ అది ఆటగా ఉండింది. ఒక గుడ్డుతోనో కాళ్ళకు పెట్టే నీళ్ళతోనో తీరిపోయే మాటలే వినబడేవి. దీనికి నేను ఏమి వండిపెట్టాలి?

చెప్పేస్తే? రాగానే, పెట్టె మీద చేయి వేయకముందే, నాకు తెలుసు, నువ్వూ రా, ఇంకా కార్డు బతికే ఉంది, అని. అంటే ఎట్లా తెలిసింది అంటాడు. గూడు చెప్పింది అనాలి. ఎన్నాళ్ళ నుంచి వింటున్నావు అంటాడు. అప్పుడు ఆయన ఆ మూలలో అన్నవన్నీ, ఒకసారి నా గురించి వాళ్ళ అన్నతో అన్నది కూడా, మంచిదే అన్నాడు, కానీ మంచిది కూడా దొంగతనంగా విన్నదే కదా, అవన్నీ ఒక్కసారిగా ఆయన మీద పడతాయి. పడనీ. పడితే ఏమవుతుంది. కోప్పడతాడు. కోప్పడితే నయం. కోప్పడకుండా నేలవైపు చూస్తూ, ఊళ్ళో నేనేం చేయాల మదారూ అని అడిగితే? దానికి జవాబు ఐదు రోజులుగా వెతుకుతున్నాను. మా నాన్న టమోటా పెట్టెలు మోస్తాడు, మోయమని చెప్పనా, పగిలిన అద్దం కింద తీగ అతికించే వేళ్ళతో. పోనీ నేనే ఉండిపోతే? పాపకు కార్డు ఉండదు, సూది వేయించలేము, బడికి పంపలేము, మా ఇద్దరినీ తోటలో దాచుకుని ఆయన ఎట్లా తిరుగుతాడు. ఎటు తిప్పినా తలుపు లేదు. బోర్డు గోడే తగులుతుంది. అయినా చెప్పాలి. చెప్పకపోతే నేను అబద్ధాన్ని నమ్మి పోయినట్టు ఆయన నమ్ముతాడు, ఒంటరిగా ఇక్కడ పడుకుని, పాపం దానికి తెలీదు అనుకుంటూ. అది నేను భరించలేను. చెప్తాను. రాగానే చెప్తాను.

గోడవతల మేకు పీకుతున్న చప్పుడు. రాజేశం మేస్త్రి. ఖాళీ ఇళ్ళ బోర్డులు విప్పుతున్నాడు, హాలును సరుకు దాచుకునే గోదాముగా ఇవ్వాలని యజమాని అన్నాడట. జైనాబక్క పొయ్యి దగ్గరి బోర్డు పడిపోయింది. మా బోర్డు పైనుంచి చూస్తే ఇప్పుడు ఆ కమాను పూర్తిగా కనబడుతోంది, ఇన్నేళ్ళూ సగమే చూశాను, మిగతా సగం కూడా ఇంత నెమ్మదిగా దిగుతుందని నాకు తెలీదు. దాని కాలి దగ్గర నూనె జిడ్డు నల్లగా ఉంది. పొయ్యి ఎక్కడ ఉండేదో దాన్నిబట్టి చెప్పవచ్చు.

"బిడ్డా, సదురుకున్నవా?" మేస్త్రి తలుపు అవతల నిలబడి దగ్గాడు, ఎప్పుడూ లోపలికి రాడు.

"అయింది మేస్త్రీ. మా బోర్డులు కూడా ఈరోజే విప్పుతావా?"

"నువ్వున్నంతసేపు ముట్ట. ఇల్లు ఉండంగ గోడ ఇప్పుతరా ఎవలన్న. ఛాయ్ తాగుతవా? పొల్లకు బిస్కెట్ పుడలు తెచ్చిన, విమానంల ఏడ్వకుంట."

"అక్కడ పెట్టు మేస్త్రీ, పడుకుంది."

"సుభాని తమ్ముని గురించి నువ్వు రంది పెట్టుకోకు, నా తాన్నే ఉంటడు గద..." అని ఆగిపోయాడు. బిస్కెట్ కవరు కరకరలాడింది. "అంటే, నడుమ నడుమ. తిండికి. వండుకునుడు రాదంటివి గద ఆయనకు."

"రాదు" అన్నాను. "చారు ఒక్కటి పెడతాడు. ఉప్పెక్కువ."

"ఉప్పెక్కువైతే నీళ్ళు వోసుకుంటం తియ్." చప్పుడు చేయకుండా వెళ్ళిపోయాడు. ఈయనకు కూడా అబద్ధం చెప్పడం చేతకాదు.

వీధి తలుపు కిర్రుమంది. ఆయన అడుగులు నాకు తెలుసు, ఎడమకాలు కొంచెం ఈడుస్తాడు. నేరుగా ఇంటికే వస్తాడనుకుని పాప తలను దిండు మీదికి జరిపాను, లేచి నిలబడబోయాను, చెప్పవలసిన మాట నోట్లో పెట్టుకున్నాను. అడుగులు ఆగిపోయాయి. ఆ మూలలో. ఫోనుకేమో అనుకున్నాను. గూట్లో ముందు ఊపిరి వినబడింది, పరుగెత్తి వచ్చినవాడి ఊపిరి. తర్వాత గొంతు సవరించుకోవడం. తర్వాత మాట.

"ఆరు నెల్లే మదారూ."

నేను ఇక్కడుంటే ఆయన నాతో అక్కడ మాట్లాడుతున్నాడు. చూశాడేమో అనుకున్నాను. బోర్డు గోడ ఉంది మధ్యలో, కనబడదు.

"ఆరు నెల్లే మదారూ, దిగులుపడాకు. ఖర్జూరాలు కోతకొచ్చేటప్పటికి..." అక్కడ గొంతు విరిగింది. మళ్ళీ మొదలుపెట్టాడు. "ఆరు నెల్లే. నవ్వుతా చెప్పాల, థూ." తనను తాను తిట్టుకున్నాడు. మళ్ళీ. "ఆరు నెల్లు ఎంతసేపు మే. ఖర్జూరాలు కోతకొచ్చేటప్పటికి నువ్వు మళ్ళా ఈడ ఉంటావు." ఈసారి చివరిదాకా వచ్చింది, కానీ గింజ ఉంది అందులో, తాత చెవి కూడా అక్కర్లేదు, పిల్లలకైనా తగులుతుంది. ఆయనకూ తగిలినట్టుంది. మళ్ళీ చెప్పాడు. మళ్ళీ. బడిలో వాచకం ఒప్పజెప్పేముందు వరండాలో నిలబడి పెదవులు కదిపే పిల్లవాడిలాగా, ఒకసారి గట్టిగా, ఒకసారి తేలికగా, ఒకసారి మధ్యలో నవ్వు కలిపి. ఆ నవ్వు ఎక్కడ పెట్టాలో వెతుక్కున్నాడు. నేను గూట్లో రెండు చేతులూ గోడకు ఆనించి నిలబడ్డాను. గచ్చు పువ్వులు అరచేతులకు గరుకుగా తగులుతున్నాయి. ఇప్పుడు ఒక్కమాట ఇక్కడినుంచి అంటే చాలు, ఆయన చెవిలో పడుతుంది. నాకు తెలుసు. రెండే మాటలు. నోరు తెరిచాను. అప్పుడే ఆయన మళ్ళీ మొదటినుంచి అందుకున్నాడు, ఈసారి విరగలేదు, ఎక్కడా విరగలేదు, మెత్తగా, ఏకిన దూదిలా వచ్చింది, చివర ఆ నవ్వు కూడా సరిగ్గా కుదిరింది. ఆయనకే ఆశ్చర్యమేసినట్టు "హా" అని ఊపిరి వదిలాడు. అంత కష్టపడి నేర్చుకున్నదాన్ని చెడగొట్టడానికి నాకు నోరు రాలేదు.

అడుగులు. తలుపు. గుమ్మంలో ఆయన, కొత్తగా గడ్డం గీసుకున్నాడు, చెవి కింద చిన్న గాటు.

"అయిందా అంతా? ట్యాక్సీ వీధి చివర ఉండాది." పాపను చూశాడు, వెంటనే చూపు తిప్పుకున్నాడు. పెట్టె మీద చేయి వేశాడు, తీశాడు. నవ్వాడు. "దిగులుపడాకు మే. ఆరు నెల్లు ఎంతసేపు. ఆరు నెల్లు..." అక్కడ ఆగిపోయాడు. పెదవులు కదిలాయి, మాట రాలేదు. పాప నిద్రలో అటు తిరిగి చేయి చాపింది, ఆయన కళ్ళు ఆ చేతి మీద ఉన్నాయి. నేర్చుకున్నదంతా పోయింది, ముఖంలో చూస్తుండగానే పోయింది.

"ఖర్జూరాలు కోతకొచ్చేటప్పటికి" అన్నాను నేను. ఒప్పజెప్పలేని పిల్లవాడికి పక్కవాడు అందించినట్టు. ఆలోచించి అన్నది కాదు, నోటినుంచి వచ్చేసింది.

"ఆ, ఖర్జూరాలు కోతకొచ్చేటప్పటికి నువ్వు మళ్ళా..." అని అందుకుని, సగంలో ఆగి, నావైపు చూశాడు. నా వెనక గూటివైపు చూశాడు. పైకి, కమాను వెంట, బోర్డు మీదుగా, అది ఎటు పోతుందో అటు ఆ మూలదాకా చూశాడు. జాహెదా ఆ రోజు కేక వేసింది. ఆయన వేయలేదు. ముఖంలో రక్తం దిగిపోయింది, అంతే. పెట్టె ఎత్తుకుని, తలుపు దాటి వీధిలోకి పోయాడు.

నేను పాపను భుజాన వేసుకున్నాను. చీపురు గోడకు ఆనించాను. చెప్పులు వేసుకున్నాను. ఎదురుగా వస్తున్నాడు, అట్టపెట్టె కోసం, తల వంచుకుని నా పక్కనుంచి దాటి లోపలికి పోయాడు. నేను నడిచి వీధి తలుపు దగ్గరికి వచ్చాను. మూల. గోడ మీద ఆయన చేయి ఆనించుకున్న చోట నూనె మరక, ముగ్గురు మగవాళ్ళ చేతుల మరక, ఇన్నేళ్ళది. జాహెదా గులాబీరంగు సగం స్తంభం. ఆయన లోపల గూటి పక్కనే ఉన్నాడు, అట్టపెట్టె అక్కడే ఉంది. గోడవైపు తిరిగాను. ఎన్నడూ పలకని పేరు పలికాను, నాలుకకు అలవాటు లేక మధ్యలో తడబడింది.

"సుభానీ. నువ్వు కూడా రా."

లోపల తాడు గరగరమనడం ఆగిపోయింది. మేస్త్రి కూడా సుత్తి ఆపినట్టున్నాడు. హాలంతా ఊపిరి బిగబట్టినట్టుంది, ఒకప్పుడు నమాజుకు వరుసలు కట్టి నిలబడినవాళ్ళంతా ఇంకా ఇక్కడే ఉన్నట్టు. తర్వాత నా చెవి పక్కన, ముద్దు పెట్టుకునేంత దగ్గరగా, వచ్చింది. అందులో గింజ ఉంది. గింజే ఉంది, దూది లేదు.

"రాలేను మదారూ."

కాసేపటికి అట్టపెట్టె భుజాన పెట్టుకుని బయటికి వచ్చాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, బోర్డు దుమ్ము అనుకోవచ్చు. మేస్త్రి వసారాలోంచి బిస్కెట్ కవరు పట్టుకుని వచ్చాడు. ఆయన మేస్త్రి వైపు తిరిగి పెద్దగా నవ్వి, "ఆరు నెల్లే మేస్త్రీ, మళ్ళా ఈడికే వస్తారు" అన్నాడు. మేస్త్రి తలూపాడు. నేనూ తలూపాను. వీధి చివరిదాకా ఇద్దరం ఎవరి బరువు వాళ్ళం మోసుకుని నడిచాం. ఎండ వాలుతోంది, ఒక్కొక్క షట్టరే లేస్తోంది. వెనక హాల్లో మొదటి మేకు పీకిన చప్పుడు వినబడింది, మా ఇంటిదే అయి ఉంటుంది.

ట్యాక్సీలో పాప లేచింది. కళ్ళు నులుముకుని వెనక అద్దంలోంచి చూసింది. "అమ్మా, మళ్ళా ఎప్పుడొస్తాం మనింటికి?" అంది. ముందు సీట్లో ఆయన మెడ కదలలేదు.

"ఆరు నెలలే తల్లీ" అన్నాను. "ఖర్జూరాలు కోతకొచ్చేటప్పటికి."

నా గొంతు మెత్తగా వచ్చింది. కాలేషా తాత పక్కన కూర్చుని విన్నా ఆయన చేతికి ఏ గింజా దొరికేది కాదు.